పగులు ఎక్కడ పుట్టింది?

రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరిపి ఇచ్చిన రోజున తారు రోడ్డును చూడాలి. ఎండ పడిన కాసేపటికే రోడ్డు పైభాగం ఆరి బూడిదరంగుకు తిరుగుతుంది. పగుళ్ళ వెంబడి మాత్రం తడి అంత త్వరగా ఆరదు, నల్లటి గీతలుగా మిగిలిపోతుంది. మిగతా రోజుల్లో కంటికి ఆనని సన్నటి బీటలు కూడా ఆ పూట బయటపడతాయి. వాటిలో కొన్నిటికి ఇరువైపులా తెల్లగానో ఎర్రమట్టి రంగులోనో ఎండిపోయిన చార ఒకటి కనిపిస్తుంది. అది చక్రాలకు అంటుకొచ్చిన బురద అనుకుంటాం. నిజానికి అది రోడ్డు కడుపులోంచి వచ్చింది. లారీ మీదుగా వెళ్ళినప్పుడల్లా అడుగున చేరిన నీరు ఒత్తిడికి పగులులోంచి పైకి చిమ్ముతుంది, వస్తూ వస్తూ కంకర పొరలోని మెత్తటి పొడిని మోసుకొచ్చి అక్కడ వదులుతుంది. చార ఉన్న పగులూ లేని పగులూ నాలుగడుగుల దూరంనుంచి ఒకేలా ఉంటాయి. కానీ చార లేనిది చాలాసార్లు తారు పైపొరకు వచ్చిన జబ్బు, చార ఉన్నది పునాది దాకా పాకిన జబ్బు. పగిలిన రోడ్డుకు పగుళ్ళు పూడిస్తే చాలా, పైన కొత్త తారు పొర వెయ్యాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే దొరుకుతుంది. రోడ్డు చూడటానికి ఎంత పాడుగా ఉందన్నదాన్ని బట్టి తేలిస్తే నిర్ణయం రెండువైపులా తప్పుతుంది. పూడిస్తే సరిపోయే చోట వందల టన్నుల తారు కంకర పోస్తాం. తవ్వి బాగుచెయ్యాల్సిన చోట పలచటి పొర కప్పి, ఒకటి రెండు వానాకాలాలు తిరిగేసరికి మళ్ళీ అవే పగుళ్ళను చూస్తాం.

ఈ తేడా అర్థం కావాలంటే రోడ్డు బరువును ఎలా మోస్తుందో తెలియాలి. తారు రోడ్డు అంటే పైన కనిపించే నల్లటి పొర ఒక్కటే కాదు. అడుగున గట్టిగా తొక్కించిన మట్టి, దాని మీద గ్రావెల్, ఆపైన తడిపి రోలర్‌తో అణిచిన కంకర, అంటే ఇంజినీర్లు వెట్ మిక్స్ అనేది, అన్నిటికీ పైన తారు కలిపిన కంకర ఒకటో రెండో పొరలు. రెండు వందల ఏళ్ళ కిందట బ్రిటన్‌లో రోడ్లు వేసిన జాన్ లౌడన్ మెకాడమ్ ఒక సంగతిని పట్టుబట్టి చెప్పాడు. బండి బరువును చివరికి మోసేది నేలేనని, ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుందని, పైన పరిచిన రాయి పని నేలలోకి నీరు దిగకుండా కాయడమని ఆయన వాదన. తారు వచ్చి, లారీలు వచ్చి లెక్కలు మారాయిగానీ ఇందులోని సారం అలాగే ఉంది. చక్రం పడ్డ చోట తారు పొర వెదురుబద్దలాగా అతి కొద్దిగా కిందికి వంగుతుంది. వంగిన బద్దకు పైవైపు నొక్కుకుంటుంది, అడుగువైపు సాగుతుంది. లక్షల చక్రాలు వెళ్ళాక అలా సాగి సాగి అలసిపోయిన అడుగు భాగంలో వెంట్రుకవాసి చీలిక పుడుతుంది. అది మెల్లగా పైకి ఎక్కి, చక్రాలు నడిచే దారిలో పొడుగుపాటి గీతగా బయటపడుతుంది. ఆ గీత పక్కన ఇంకోటి, రెండిటినీ కలుపుతూ అడ్డగీతలు, చివరికి మొసలి వీపులాగా గళ్ళుగళ్ళుగా అల్లుకుపోయిన పగుళ్ళు. మొసలి వీపు కనబడిందంటే జబ్బు అడుగునుంచి పైదాకా వచ్చేసిందన్నమాట. ఆ గళ్ళలో ఒక్క పెంకు ఊడితే అదే రేపటి గుంత.

ఈ అలసట బరువుతోపాటు పెరిగే తీరు మన అంచనాకు అందదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం దగ్గర, పరీక్ష కోసమే వేసిన రోడ్ల మీద సైనికుల చేత లారీలు తిప్పించి చూశారు. ఇరుసు మీది బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఆ పరీక్షలో తేలింది. బరువు రెట్టింపయితే నష్టం 16 రెట్లు. మన దేశంలో 2018లో నాలుగు టైర్లుండే ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగిన బరువు 13 శాతం లోపే. అదే నాలుగో ఘాతం లెక్క కట్టి చూస్తే నష్టం 60 శాతం పైన. ఇది చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. చీమకుర్తి నుంచో కరీంనగర్ క్వారీల నుంచో గ్రానైట్ దిమ్మ ఎక్కించుకుని బయల్దేరే బండి అంతకు మించి మోస్తే ఏమవుతుందో ఎవరికి వారు లెక్క కట్టుకోవచ్చు. ఈ లెక్కలో కార్లూ మోటారుసైకిళ్ళూ ఉన్నా లేనట్టే. క్వారీల దగ్గరి రోడ్ల మీద లోడుతో వెళ్ళే వైపు మొసలి వీపులా పగిలి, ఖాళీగా తిరిగొచ్చే వైపు నునుపుగా ఉండటానికి కారణం ఇదే. అలాంటి రోడ్డు మొత్తానికి ఒకే మందం పొర వేస్తే ఒకవైపు డబ్బు దండగ, రెండోవైపు బలం చాలదు.

పైనుంచి పుట్టే పగుళ్ళ కథ వేరు. తారు ఎండకూ గాలికీ ముసలిదవుతుంది. ఆక్సిజన్ సోకి, లోపలి పలచటి నూనెలాంటి పదార్థాలు తగ్గి, గట్టి పదార్థాలు పెరిగి, జిగురుగా ఉన్నది పెళుసుగా మారుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో పైపొర మీది ఒకటి రెండు సెంటీమీటర్లే ముందు ముసలివవుతాయి, అడుగు భాగం ఇంకా జిగురుగానే ఉంటుంది. పెళుసెక్కిన తారు రాత్రి చలికి ముడుచుకున్నప్పుడు సాగలేక తెగుతుంది. ఈ పగుళ్ళు పెద్ద పెద్ద పలకలుగా, చక్రం ఎన్నడూ తొక్కని అంచుల్లో కూడా ఒకే తీరుగా పరుచుకుంటాయి. చక్రం దారిలోనే ఉన్నాయా, అంతటా ఉన్నాయా అని చూడటం వెయ్యి రూపాయల ఖర్చు కూడా లేని పరీక్ష. అనుమానం తీరకపోతే పగులు మీదనే గొట్టం కత్తితో నాలుగైదు అంగుళాల వెడల్పు ముక్క కోసి పైకి తీస్తారు. పక్కకు తిప్పి చూస్తే చాలు. పైన వెడల్పుగా ఉండి కిందికి పోయేకొద్దీ సన్నబడి మధ్యలో ఆగిపోయిందంటే పైనుంచి పుట్టింది. అడుగున నోరు తెరుచుకుని పైన సన్నగా ఉందంటే అలసట. పొరకు పొర ఊడి రెండు బిళ్ళలుగా చేతికొచ్చిందంటే, వేసినప్పుడే పొరల మధ్య జిగురు తారు సరిగా పట్టలేదన్నమాట.

ఇక నల్లరేగడి. తెలంగాణలో కొన్నిచోట్ల, కర్నూలు గుంటూరు ప్రాంతాల్లో రోడ్డంటే ముందు ఈ నేల సంగతే మాట్లాడుకోవాలి. మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం వానకు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, వేసవిలో అది ఎండితే చేను నెర్రెలు విచ్చుతుంది. రోడ్డు నడిమధ్య కింద ఉన్న మట్టికి తారు గొడుగు ఉంది కాబట్టి అక్కడి తేమ పెద్దగా మారదు. అంచుల కింద మట్టి మాత్రం ఏటా ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. అందుకే రేగడి మీది రోడ్లకు అంచునుంచి రెండు మూడడుగుల లోపల, బారెడు బారెడు పొడవున, రోడ్డుతోపాటే సాగిపోయే పగుళ్ళు వస్తాయి. పక్కన పెద్ద చెట్లుంటే వేళ్ళు నీరు లాగి ఇంకా పెంచుతాయి. ఈ పగులు లారీ బరువు వల్ల రాలేదు, తారు ముసలితనం వల్లా రాలేదు. దీని మీద ఎంత మందం తారు పోసినా నేల ఉబ్బడం మానదు. అంచుల్లో నీరు నిలవకుండా చెయ్యడం, తారు పక్కనుండే మట్టి అంచును, అంటే బెర్మ్‌ను, రేగడి కాని మట్టితో గట్టిగా కట్టడం, తెరుచుకున్న పగులును సాగే గుణమున్న తారుతో ఎప్పటికప్పుడు మూయడం, దీనికి దారి ఇంతే.

అసలు కొత్త పొర పాత పగులును ఏం చేస్తుంది? పగులుకు రెండు అంచులుంటాయి. చక్రం ఒక అంచు మీదికి రాగానే అది కిందికి దిగుతుంది, ఎదుటి అంచు ఇంకా పైనే ఉంటుంది. చక్రం దాటగానే ఆ వరస తిరగబడుతుంది. రోజూ పగటి వేడికి పగులు మూసుకుంటుంది, రాత్రి తెరుచుకుంటుంది. పగులు మీద అంటించిన కొత్త పొర ఈ కదలికనంతటినీ సరిగ్గా ఆ గీత పైనున్న వేలెడంత జాగాలో భరించాలి. అది భరించలేక తెగుతుంది, పాత పగులు అచ్చు గుద్దినట్టు పైకి తేలుతుంది. అమెరికాలో ఇంజినీర్లు ఏడాదికి దాదాపు 25 మిల్లీమీటర్ల చొప్పున పగులు పైకి ఎక్కుతుందని ఒక మోటు లెక్క చెప్పుకుంటారు. దాని ప్రకారం 40 మిల్లీమీటర్ల పొరకు రెండేళ్ళు కూడా నిండవు. ప్రతి రోడ్డుకూ ఆ వేగమే వర్తించదుగానీ, పగులును కదిలించే శక్తిని ఆపకుండా పైన కప్పితే కొన్నది కొద్దిపాటి సమయం మాత్రమేనని అది చెబుతోంది.

అలాగని పైపొర పనికిరాదని కాదు, ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. అలసటతో రోడ్డు ఓడిపోతున్నప్పుడు, ఇంకా మొసలి వీపు అల్లుకోకముందే తగినంత మందం పొర వేస్తే ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్ల మందం లెక్కకట్టే 37వ నంబరు మార్గదర్శకంలో, తారు అడుగు భాగం ఎంత సాగుతోందన్నదాన్ని బట్టి ఆయుష్షు 3.89 ఘాతంలో మారుతుంది. అంటే ఆ సాగుడును పది శాతం తగ్గించగలిగితే ఆయుష్షు ఒకటిన్నర రెట్లవుతుంది. మందం పెరిగితే పొర తక్కువ వంగుతుంది, అడుగు తక్కువ సాగుతుంది. ఈ లాభం దక్కాలంటే పాత పొర ఇంకా ఒక్క ముక్కగా ఉండాలి. గళ్ళుగళ్ళుగా విరిగిపోయిన పొర మీద కొత్త పొర వేస్తే రెండూ కలిసి ఒక బద్దలా వంగవు. కింద ఉన్నది తారు కలిసిన కంకర రాశితో సమానం, భారమంతా పలచటి కొత్త పొరదే. అందుకే అదే పొర అదను తప్పాక వేస్తే అదే ఖర్చుకు పిసరంత ఫలితం.

పూడ్చడం వైపు లెక్క ఇంకోలా ఉంటుంది. 7 మీటర్ల వెడల్పు రోడ్డు ఒక కిలోమీటరు పొడవున 40 మిల్లీమీటర్ల మందం పొర వెయ్యాలంటే 280 ఘనపు మీటర్ల తారు కంకర కావాలి. బరువులో దాదాపు 670 టన్నులు, అందులో తారు ఒక్కటే 36 టన్నులు. అదే కిలోమీటరులో పగుళ్ళన్నీ కలిపి 3 కిలోమీటర్ల పొడవున్నాయనీ, ఒక్కోటి 6 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల లోతున నింపాలనీ అనుకుందాం. కావలసింది 360 లీటర్లు, సుమారు 400 కిలోలు. ఈ 400 కిలోలు రోడ్డుకు బలాన్ని ఏమీ ఇవ్వవు. నీటిని ఆపుతాయి, అంతే. మెకాడమ్ చెప్పిన పని అదే. లారీ టైరు రోడ్డును చదరపు సెంటీమీటరుకు సుమారు 5.6 కిలోల ఒత్తిడితో నొక్కుతుందని లెక్కల్లో తీసుకుంటారు. పగులులో నిలిచిన నీటి మీద ఆ ఒత్తిడి పడితే అది పక్కలకు, కిందికి దూసుకుపోతుంది, రాయినుంచి తారును ఊడదీస్తుంది, వెట్ మిక్స్‌లోని పొడిని కడిగేస్తుంది. పొడి పోయిన చోట ఖాళీ మిగులుతుంది, ఖాళీ మీద తారు పొర ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా త్వరగా అలసిపోతుంది. పైనుంచి పుట్టిన మామూలు పగులు పునాది జబ్బుగా మారే దారి ఇదే.

పగుళ్ళు పూడ్చడం మన దగ్గర నిలవదు, ఒక్క వానకే కొట్టుకుపోతుంది అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అందులో నిజముంది. దుమ్ము ఊడ్చకుండా, తేమ ఆరకుండా, డబ్బా వంచి వేడి తారు పోసి పైన గుప్పెడు ఇసుక చల్లితే అది దుమ్ముకు అంటుకుంటుందిగానీ రోడ్డుకు అంటుకోదు. సరిగా చెయ్యాలంటే గాలి గొట్టంతో పగులును అడుగుదాకా ఊదాలి, మట్టీ గడ్డి వేళ్ళూ తియ్యాలి, గోడలు పొడిగా ఉండాలి. 3 మిల్లీమీటర్ల లోపు సన్నటి వాటికి పలచటి తారు ఎమల్షన్ దిగుతుంది. అంతకంటే వెడల్పు వాటికి రబ్బరో పాలిమరో కలిపిన, సాగి ముడుచుకోగల తారు కావాలి. గుంతలదీ ఇదే కథ. నలుచదరంగా కోసి, గట్టి అంచు దొరికేదాకా తీసి, అంచులకు జిగురు తారు పూసి, పొరలుగా నింపి రోలర్ తొక్కించిన ప్యాచీ పక్క రోడ్డుతో సమంగా బతుకుతుంది. పార గుంతలో తిరగేసి వీపున కొట్టిన ప్యాచీ బతకదు. చెడుగా చేసిన పని నిలవలేదని ఆ పద్ధతే పనికిరాదనడం న్యాయం కాదు. చెడుగా వేసిన పైపొర కూడా నిలవదు, కాకపోతే దాని మీద ఖర్చు ఎన్నో రెట్లు.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. జనానికి కావలసింది నల్లగా నిగనిగలాడే రోడ్డు. అడ్డదిడ్డంగా నల్లగీతలు గీసిన రోడ్డును చూసి ఎవరూ సంతోషించరు, ఏ నాయకుడూ దానికి కొబ్బరికాయ కొట్టడు. దీన్ని కొట్టిపారేయకూడదు, రోడ్డు ఖర్చు జనం డబ్బే. అయితే ఆ డబ్బు ఒక్క రోడ్డుకు పరిమితం కాదు. ఒక మండలంలో పది రోడ్లుంటే, అన్నిటికంటే అధ్వానంగా ఉన్న ఒకదానికి ఏటా పైపొర వేస్తూ పోతే, ఈలోగా సన్నటి బీటలతో ఉన్న మిగతా తొమ్మిదిట్లో రెండు మూడు మొసలి వీపు దశకు చేరుతాయి. రోడ్డు అరిగే తీరు సాఫీ వాలు కాదు. చాలా ఏళ్ళు నెమ్మదిగా దిగజారి, ఒక మలుపు దాటాక జారుడుబండలా పడిపోతుంది. పూడ్చే పని ఆ మలుపుకు ముందే పనికొస్తుంది, దాటిపోయాక దానితో లాభం లేదు. కాబట్టి బాగానే కనిపించే రోడ్డు మీద ముందు ఖర్చుపెట్టమని, చెడిపోయిన రోడ్డును కొంతకాలం గుంతలు పూడుస్తూ నెట్టుకురమ్మని ఈ వాదన అడుగుతుంది. వినడానికి ఇది అన్యాయంగా ఉంటుంది, ఆ చెడ్డ రోడ్డు మీద రోజూ నడిచేవాళ్ళకు ఇంకా అన్యాయంగా ఉంటుంది. అందుకే దాన్ని ఎప్పుడు తవ్వి బాగుచేస్తారో తేదీతో సహా వాళ్ళకు చెప్పి తీరాలని నా అభిప్రాయం.

ఇన్ని పరీక్షలు పల్లె రోడ్లకు సాధ్యమా అని అడగవచ్చు. అన్నిటికంటే పనికొచ్చే పరికరం ఒక పొడుగుపాటి తూనికకోల లాంటిది. దాన్ని 1950లలో అమెరికా ఇంజినీరు బెంకెల్మన్ రూపొందించాడు, ఆయన పేరే దానికి నిలిచింది. 3.66 మీటర్ల పొడవున్న కోల, ఇరుసుకు ఒకవైపు 2.44 మీటర్లు, రెండోవైపు 1.22 మీటర్లు ఉండేలా అమర్చి ఉంటుంది. వెనక ఇరుసు మీద 8170 కిలోలు ఉండేలా లారీకి లోడు వేసి, జంట టైర్ల సందులోకి కోల మొనను పోనిచ్చి రోడ్డు మీద ఆనిస్తారు. లారీ ముందుకు కదలగానే నొక్కుకుపోయిన రోడ్డు మెల్లగా లేస్తుంది, కోల రెండో చివరనున్న కొలమానం ముల్లు తిరుగుతుంది. మొన వైపు చెయ్యి రెండింతలు పొడవు కనుక ముల్లు చూపిన కదలికను రెట్టింపు చేస్తే రోడ్డు ఎంత వంగిందో వస్తుంది. లారీ 2.7 మీటర్లు వెళ్ళాక ఒకసారి, ఆపైన ఇంకో 9 మీటర్లు వెళ్ళాక మరోసారి చూసి రాసుకుంటారు. మిల్లీమీటరులో వందో వంతులతో సాగే ఈ లెక్క, పైకి ఒకేలా కనిపించే రెండు రోడ్లను విడదీస్తుంది. పగుళ్ళున్నా కొద్దిగానే వంగే రోడ్డుకు నీరు దిగకుండా కాపు చాలు. అవే పగుళ్ళతో ఎక్కువగా వంగే రోడ్డుకు బలం కావాలి. పెద్ద రహదారుల మీద ఇప్పుడు బరువును జారవిడిచి కొలిచే యంత్రాలొచ్చాయిగానీ, ఒక లారీ, ఒక కోల, ముగ్గురు మనుషులు ఉంటే ఏ మండలంలోనైనా ఈ పని అవుతుంది.

20 మిల్లీమీటర్ల తారు పరుపు మాత్రమే ఉన్న ఊరి రోడ్లకు అలసట లెక్క అంతగా వర్తించదు. అక్కడ బరువంతా కింది కంకరదే, తారు గొడుగు మాత్రమే. దమ్ము చేసే ఇనుప చక్రాలను, అంటే కేజ్ వీల్స్‌ను, తియ్యకుండా పొలంలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు ఆ గొడుగుకు వరసగా చిల్లులు పొడుస్తుంది. ఆ చిల్లులను ఆ సీజన్‌లోనే మూస్తే రోడ్డు నిలుస్తుంది. వాటి మీద మళ్ళీ ఇంకో 20 మిల్లీమీటర్లు వేస్తే కొత్త గొడుగు వస్తుందిగానీ, ఈలోగా నానిపోయిన కంకరకు బలం రాదు.

పైపొరే సరైన జవాబు అయ్యే సందర్భాలు స్పష్టంగానే ఉన్నాయి. ఇందాక చెప్పిన మార్గదర్శకమే, ఒకదానితో ఒకటి అల్లుకున్న పగుళ్ళు రోడ్డు విస్తీర్ణంలో 20 శాతానికి చేరితే ఆ రోడ్డు అలసట ఆయుష్షు తీరినట్టు లెక్కిస్తుంది. విడివిడి గీతలను కలిపి కొలిచి ఇది దాటిందనడం పొరపాటు, అల్లుకున్నవే లెక్క. ఆ గీటుకు ఇంకా దూరంగా ఉండి, వంగుడు పెరుగుతున్న రోడ్డుకు పైపొర తగినది. అప్పుడు కూడా మొసలి వీపు మచ్చలను ముందు తవ్వి తీసి, అడుగు కంకర ఆరనిచ్చి గట్టిపరిచి, విడి పగుళ్ళను మూసి, ఆ తర్వాతే పొర వెయ్యాలి. పూడ్చడమూ పైపొరా పోటీ పనులన్నట్టు మాట్లాడుకుంటున్నాంగానీ, మంచి పైపొర కింద ఎప్పుడూ పూడ్చిన పని ఉంటుంది. ఊళ్ళ వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు లేచి ఇళ్ళ గడపలు కిందికి పోతాయి, వాననీరు వసారాల్లోకి వస్తుంది, మ్యాన్‌హోల్ మూతలు గుంతలవుతాయి. అక్కడ మిల్లింగ్ యంత్రంతో పాత పొరను అంత మందమూ గీకి తీసి, అదే ఎత్తుకు కొత్తది వెయ్యాలి. గీకిన సరుకులో తారూ కంకరా రెండూ ఉంటాయి, వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. గీకాక బయటపడిన అడుగు పొర మీద పగుళ్ళు ఇంకా కనిపిస్తే, అవి ఎంత లోతున ఉన్నాయో చెప్పడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇవన్నీ తేల్చుకున్నా అదను చూసుకోవాలి. కోస్తాలోనూ రాయలసీమలోనూ ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. తెలంగాణలో అంతకుముందే వానలు వెనకబడతాయి. సర్వే చెయ్యడానికి వానలు ఆగిన వెంటనే, తడి గీతలూ మట్టి చారలూ ఇంకా కనిపిస్తున్నప్పుడు రోడ్డు వెంట నడవాలి, సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. పూడ్చడానికి జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. పగుళ్ళు ఆరి ఉంటాయి, చలికి నోరు పూర్తిగా తెరుచుకుని ఉంటాయి, అప్పుడు నింపిన తారు తర్వాత ఎండకు నొక్కుకుంటుందేగానీ తెగదు. ఏప్రిల్ వచ్చేసరికి పైపైన తారు మెత్తబడి, చక్రాల రాపిడికి సన్నటి పగుళ్ళ నోళ్ళు మూసుకుపోయి రోడ్డు నయమైనట్టే కనిపిస్తుంది. పైన మూసుకుపోయిన ఆ పగులు కింద సగం తెరుచుకునే ఉంటుంది, జూన్ మొదటి వానకు మళ్ళీ నీరు తాగుతుంది.